వాడ లేని పర్యావరణ పాఠం

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా నేర్పాలని 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై ఏళ్ళు దాటాయి. మా కర్నూలు, కడప సర్కారు హైస్కూళ్ళకు ఆ పర్యావరణం ఎట్లా వచ్చింది? పుస్తకంలో ఒక పాఠంగా, గోడ మీద ఒక నినాదంగా, ఏడాదికోసారి నాటే మొక్కగా వచ్చింది.

మేము ఈ బడుల్లోనే చదివినవాళ్ళం. మా ఇళ్ళలో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. మా బడిలో మొక్కల రోజున గుంతలు తీసింది వాడ పిల్లలు. ఫోటోలో ముందు నిలబడింది వేరేవాళ్ళు. కుండలో నీళ్ళు మేము ముంచుకోకూడదు. ఎవరో ఒకరు పైనుంచి దోసిట్లోకి పోయాలి. అట్లా తాగి క్లాసులోకి పోతే 'నీరు అందరిదీ' అని పాఠం. ఆ కుండకూ ఈ పాఠానికీ ఏమి సంబంధమో ఏ సారూ చెప్పలేదు. మా విమర్శ అక్కడే మొదలవుతుంది.

ముందు పుస్తకం చూద్దాం. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చుకుంది. అందులో 'మన పర్యావరణం' పాఠం ఉంది. ఆహార గొలుసు, ఓజోన్ పొర, కుళ్ళే చెత్త, కుళ్ళని చెత్త అన్నీ ఉన్నాయి. ఆ చెత్త ఎత్తేది ఏ కులమో లేదు. సహజ వనరుల నిర్వహణ మీద ఇంకో పాఠం ఉండేది. అడవి మీద ఎవరెవరికి హక్కుంది, ఆనకట్ట కడితే ఎవరు నష్టపోతారు అని కొంతైనా అడిగిన పాఠం అది. 2022లో భారం తగ్గించే పేరుతో దాన్నే తీసేశారు. శ్రీశైలం నీళ్ళ కింద ఊళ్ళు మునిగిన జిల్లా మాది. 1981లో ఇళ్ళు కూలగొట్టి జనాన్ని కదిలించారు. పొలమున్నోడికి నష్టపరిహారం లెక్క ఉంటుంది. ఆ పొలంలో కూలి చేసి బతికినోడికి ఏ లెక్క? ఈ ప్రశ్న మా పిల్లలకు సిలబస్ బయటి ప్రశ్న అయిపోయింది.

రెండో సంగతి జ్ఞానం గురించి. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు 1990ల నుంచి హైబ్రిడ్ పత్తి విత్తనం సేద్యం బాగా పెరిగింది. కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు అని ఆడపిల్లలనే పనికి పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది దళితుల, వెనుకబడిన కులాల పిల్లలు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి భాగం గిల్లేయాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రోజూ వందల పూలు. మందు కొట్టిన చేలోనే పని. మా క్లాసులో ఒకమ్మాయి మూడు నెలలు ఈ పని చేసి బడికొచ్చింది. 'పరాగ సంపర్కం అంటే ఏందిమే?' అని సారు అడిగితే నేల చూస్తూ నిలబడింది. మొద్దు అన్నారు. బయటికొచ్చినాక 'మనం క్రాసింగ్ అంటాం సూడు, దానికే ఆ పేరంట' అని మాకు తనే చెప్పింది. ఆ ఏడే బడి మానేసింది. ఆ క్లాసులో పరాగ సంపర్కం తెలియనిది ఎవరికి?

ఇది ఒక్క పిల్ల సంగతి కాదు. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనబడని కలివి కోడి 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో మళ్ళీ దొరికింది. పట్టిచ్చింది రాత్రిళ్ళు దీపం వేసుకుని తిరిగే స్థానిక పిట్టలవేటగాడు. శాస్త్రానికి అంతరించిన పక్షి ఆయన ఎరుకలో అంతరించలేదు. ఇంగ్లీషులో ఆ పక్షికి ఈనాటికీ జెర్డాన్ అనే తెల్ల డాక్టరు పేరే. తంగేడు చెక్కతో తోలు ఊనే మాదిగ చేతి రసాయనశాస్త్రానికి కూడా బడిలో ఇదే గతి. అది కులవృత్తి, ఇది సైన్సు అని గీత గీసింది ఎవరు?

'అన్నిట్లోకీ కులాన్ని తెస్తారేంది?' అని మిత్రులు అడుగుతుంటారు. నీళ్ళలోకి కులాన్ని మేము తేలేదు. అది ముందే ఉంది కాబట్టే అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగి చూపించాల్సి వచ్చింది. ఈ దేశంలో పర్యావరణ ఉద్యమాల చరిత్ర రాసేవాళ్ళు మహద్‌ను ఎందుకు లెక్కలోకి తీసుకోరు?

రాయలసీమలో ప్రకృతి మధ్య చదువు అంటే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీని చూపిస్తారు. ఎండిన లోయను పచ్చగా చేశారు, చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులూ నడిపారు. ఆ కృషిని మేము తక్కువ చేయం. కానీ ప్రధాన బడి ఫీజు కట్టగలిగినోళ్ళది. చెట్టు కింద చదువు వాళ్ళకు విలువ. గదుల్లేక చెట్టు కింద కూర్చున్న మా పిల్లలకు అది లేమి.

అందుకే మేము అడిగేది సర్కారు బడి. చిన్నదైనా సరే, పర్యావరణమే కేంద్రంగా నడిచే హైస్కూలు కర్నూలుకొకటి, కడపకొకటి కావాలి. ఊళ్ళో ఏ బోరు ఎవరిది, వాడ కొళాయికి నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి అని పిల్లలు లెక్క తీయడం అక్కడ మొదటి పాఠం కావాలి. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని చుట్టూ బోరు నీళ్ళు చెడిపోయాయని రైతులు అంటారు, కంపెనీ కాదంటుంది. నీళ్ళ పరీక్ష రిపోర్టు ఎట్లా చదవాలో, ఎవరిని నిలదీయాలో అక్కడ నేర్పాలి. ఆదోని, కోసిగి వైపు జనం సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతే పిల్లలూ వెంట పోతారు. బడి క్యాలెండరు ఆ సుగ్గిని చూసి వేసుకోవాలి. క్రాసింగ్ చేసిన పిల్ల ఆ బడిలో పరాగ సంపర్కం పాఠం తను చెప్పాలి, సారు వినాలి.

ఇదంతా రేపే అయ్యేది కాదని మాకు తెలుసు. టీచరు మిత్రులు ఒక పని మాత్రం రేపే చేయొచ్చు. మీ బడిలో నీళ్ళ కుండ ఎక్కడుంది, గ్లాసు ఎవరి చేతిలో ఉంది చూడండి. పర్యావరణం పాఠం ఆ కుండ దగ్గర మొదలుపెట్టండి.