ఎంత దూరం, ఎంత లోతు

ఆదివారాలు సికింద్రాబాద్‌లో మా ఇంటి దగ్గరి మైదానంలో వెదురు విల్లుతో సాధన చేస్తుంటాను. చూడవచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: ‘ఇది ఎంత దూరం పోతుందండీ?’ ఆ వెంటనే, ‘అడవిపందికి తగిలితే లోపలికి దిగుతుందా?’ ఏడు సాలవృక్షాలను ఒక్క బాణంతో భేదించిన రాముడి కథ విని పెరిగినవాళ్లం, లోతు మీద మనకు మోజు ఉండడం సహజం.

లోతుకు వేగమే మూలమని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. 32 గ్రాముల కర్ర బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 40 జౌళ్లు. 16 గ్రాముల బాణం 70 మీటర్ల వేగంతో వెళ్లినా శక్తి దాదాపు అంతే. కానీ లోపలికి తోసే ద్రవ్యవేగం బరువు బాణానికే నలభై శాతం పైగా ఎక్కువ. గాలి కూడా తేలిక బాణం వేగాన్నే త్వరగా తగ్గిస్తుంది. ములికి పదునుగా ఉండి, కర్ర బరువుగా ఉంటే మెత్తని విల్లు కూడా పని చేస్తుంది.

ఇంకో సంగతి కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. అల్లెతాడు వదిలిన క్షణంలో బాణం పాములా మెలికలు తిరుగుతుంది. ఈకలు దాన్ని కొన్ని మీటర్ల దూరంలో సరిచేస్తాయి. అది సర్దుకోకముందే తగిలితే ఉన్న బలంలో కొంత కర్ర ఊగడానికే ఖర్చవుతుంది. అందుకే మూడు నాలుగు మీటర్ల నుంచి వేసిన బాణం, పదిహేను మీటర్ల నుంచి వేసినదానికంటే కొన్నిసార్లు తక్కువ దిగుతుంది. గడ్డికట్ట మీద ఎవరైనా చూడొచ్చు.

అయితే దూరం పెరిగితే నిజంగా పోయేదేమిటి? 20 మీటర్ల దగ్గర ఉన్న బలం 40 మీటర్లకు కొంతే తగ్గుతుంది. పోయేది గురి. పైన చెప్పిన కర్ర బాణాన్నే తీసుకోండి. 20 మీటర్ల దూరాన్ని కంటితో 18 అనుకుంటే బాణం 8 సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. 40ని 36 అనుకుంటే 31 సెంటీమీటర్లు. కంటి పొరపాటు రెండుచోట్లా పది శాతమే, ఫలితం నాలుగింతలు. పైగా 40 మీటర్లు దాటడానికి బాణానికి 0.8 సెకను కావాలి. అల్లెతాడు చప్పుడు అంతకు చాలా ముందే జింక చెవిన పడుతుంది, అది కదిలిపోతుంది. గుండెకు తగలాల్సింది కడుపుకు తగిలితే ఆ జీవి గంటల తరబడి బాధపడి చస్తుంది. బాణం బాగానే దిగింది, తగలరానిచోట దిగింది. చీకట్లో చప్పుడును బట్టి బాణం వేసిన దశరథుడికి జరిగిందీ ఇదే.

నల్లమల చెంచుల విలువిద్యను మనం ఈ వైపు నుంచి అర్థం చేసుకోలేదు. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద వెలువరించిన పుస్తకంలో వెదురు విల్లు, ఇనప ములికి బాణాల ప్రస్తావన ఉంది. వాళ్ల ఆకలి ఎక్కువగా తీర్చింది దుంపలూ వేర్లూ పళ్లే. వేటకు వెళ్లినప్పుడు దట్టమైన పొదల్లో దూరం కనబడదు, కాబట్టి మృగానికి చేరువగా వెళ్లాల్సిందే. గాలి ఎటు వీస్తోందో, ఎండుటాకు మీద అడుగెలా వెయ్యాలో తెలియాలి. నా దృష్టిలో అసలు విద్య అదే, విల్లు లాగడం దాని చివర్లో వచ్చే చిన్న పని.

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు నేను పొంగిపోయాను. ఆమె పోటీలో 50 మీటర్ల గీత ముందే కొలిచి ఉంటుంది. అడవిలో ఆ గీత ఎవరూ గీయరు, తన చూపు ఎంతవరకు నమ్మదగ్గదో వేటగాడే తేల్చుకుని అంతకు మించి బాణం వెయ్యకూడదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది. అది సరైన పనే, నేను కొట్టేది గడ్డికట్టనే. కానీ వేటతోపాటు ఆ తెలివీ పోనక్కర్లేదు. జంట నగరాల్లో విలువిద్య నేర్పే గురువులకు నా విన్నపం: నల్లమలలో మన్ననూరు వైపు చెంచు గూడేల్లో (పెంటల్లో) విల్లు వంచడం, ములికి సానబెట్టడం తెలిసిన పెద్దలను తగిన పారితోషికమిచ్చి, గౌరవంగా మీ శిబిరాలకు పిలవండి. కొలవని దూరాన్ని కంటితో అంచనా కట్టడం పిల్లలకు వాళ్ల చేతే నేర్పించండి.