డైనోసార్ల ఇంటిపేరు తుంటిలో ఉంది

డైనోసార్ల వంశవృక్షం గీయడానికి 1887లో ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు హ్యారీ సీలీ కోరలు చూడలేదు, కొమ్ములు లెక్కపెట్టలేదు. తుంటి చూశాడు. అప్పటికి 45 ఏళ్ల కింద రిచర్డ్ ఓవెన్ ‘డైనోసారియా’ అని ఒకే పేరు పెట్టిన జీవులను ఆయన రెండు కుదుర్లుగా విడదీశాడు. ఒకటి సారిస్కియా, అంటే బల్లి తుంటివి. రెండోది ఆర్నితిస్కియా, పక్షి తుంటివి.

తుంటిలో ఒక్కో పక్కన మూడేసి ఎముకలుంటాయి. వెన్నును అంటిపెట్టుకుని పైన ఇలియం, కింద వెనక్కి వాలి ఇస్కియం, మూడోది ప్యూబిస్. తేడా అంతా ఈ మూడోదానిలోనే. బల్లి తుంటి జీవుల్లో చాలావాటికి అది ముందుకు, కిందికి చాచి ఉంటుంది. పక్షి తుంటివాటిలో వెనక్కి మళ్లి ఇస్కియం వెంబడే సాగుతుంది. పీచు ఆకులు అరగాలంటే పెద్ద పేగులు కావాలి. ప్యూబిస్ వెనక్కి జరగడంతో వాటికి చోటు దొరికిందని ఒక వివరణ.

ట్రైసెరటాప్స్, స్టెగోసారస్, ఇగ్వానడాన్ పక్షి తుంటివే. దాదాపు అన్నీ ఆకులు మేసినవే. తుంటి దొరక్కపోయినా వీటిని పట్టిచ్చే గుర్తు మరొకటి ఉంది: కింది దవడ కొసన ముక్కులా అమరిన అదనపు ఎముక. బల్లి తుంటి వర్గంలో అది కనిపించదు.

ఆ వర్గంలో వైవిధ్యం ఎక్కువ. మాంసం తిన్న టైరనోసారస్ అందులోదే, ఆకులు మేసిన పొడుగు మెడ సారోపాడ్లూ అందులోవే.

అసలు చిక్కు పక్షులతో వచ్చింది. అవి పుట్టింది పక్షి తుంటి జీవుల నుంచి కాదు, బల్లి తుంటివాటి నుంచి! బల్లి తుంటి వర్గంలోనివే అయినా వెలోసిరాప్టర్ వంటి వాటి ప్యూబిస్ కూడా వెనక్కే తిరిగి ఉంటుంది. అంటే ఒకే మార్పు వేర్వేరు వంశాల్లో విడివిడిగా వచ్చింది. అందుకే ఇప్పటి శాస్త్రజ్ఞులు ఒక్క ఎముక చూసి తీర్పు చెప్పరు; దవడ, పుర్రె, వెన్ను, పాదం లక్షణాలను వందల సంఖ్యలో పోల్చి చూస్తారు. అలా పోల్చే 2017లో మాథ్యూ బారన్, డేవిడ్ నార్మన్, పాల్ బారెట్ ‘నేచర్’ పత్రికలో పాత విభజననే తిరగరాయాలన్నారు. టైరనోసారస్ కుదురును పక్షి తుంటివాటి పక్కన చేర్చారు. దానిపై వాదన జోరుగానే సాగింది. అయినా సీలీ గీసిన గీత ఇంకా చెరిగిపోలేదు. ఇంతకాలం ఇన్ని పరీక్షలకు నిలిచిన ఆ చూపు గొప్పదే.

ఆ చూపును అలవరచుకోవడానికి తెలుగువాళ్లు దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పొడవు సుమారు 9 మీటర్లు. జురాసిక్ కాలపు సారోపాడ్ అది, బల్లి తుంటి వర్గం. పిల్లలను తీసుకెళ్లినప్పుడు దాని వెనక కాళ్ల దగ్గర కాసేపు ఆగండి. ప్యూబిస్ ఎటు చూస్తోందో వాళ్లనే చెప్పమనండి.