ఆడనని చెప్పే హక్కు: 'హూప్ డ్రీమ్స్' మళ్లీ చూశాక

ఆట చూసి సీటిచ్చారు. ఫీజూ వాళ్లే కడుతున్నారు. మధ్యలో కుర్రాడికి ఆట మీద మనసు విరిగితే? ఇక ఆడనని చెప్పొచ్చా, తీసుకున్నందుకు ఆడి తీరాలా? స్టీవ్ జేమ్స్ డాక్యుమెంటరీ 'హూప్ డ్రీమ్స్' (1994)ని ఈసారి ఈ ప్రశ్నతో చూశాను.

విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ షికాగో పేదపేటల నల్లజాతి పిల్లలు. పద్నాలుగేళ్లప్పుడు బాస్కెట్‌బాల్ కోసమే శివార్లలోని సెయింట్ జోసెఫ్ ప్రైవేటు స్కూలు ఇద్దర్నీ చేర్చుకుంది. స్కూలు భరించింది ఫీజులో కొంతే. మిగతాది కట్టడానికి విలియంకి దాత దొరికారు, ఆర్థర్‌కి దొరకలేదు. చదువు మధ్యలోనే బయటికి రావాల్సొచ్చింది. బాకీ కోసం అతని మార్కుల రికార్డు కూడా ఆపేశారు. వెతికి తెచ్చుకున్న పిల్లాడి పట్ల స్కూలుకి బాధ్యత లేదా?

చట్టమూ అటువైపే మొగ్గింది. గ్రెగ్ టేలర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు చదువు దెబ్బతింటోందని ప్రాక్టీసు మానేశాడు. మార్కులు పెరిగాయి, కానీ వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ తీసేసింది. 1972లో నార్త్ కరోలినా కోర్టు యూనివర్సిటీదే న్యాయమంది. మరుసటేడు కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నాలుగేళ్ల స్కాలర్‌షిప్పుల్ని ఏడాదికోసారి రెన్యూ చేసేవిగా మార్చింది. 'హూప్ డ్రీమ్స్' నాటికీ అదే రూలు. కుర్రాడు మాట తప్పకూడదు, కాలేజీ మాత్రం ఏడాదికి మించి మాటివ్వక్కర్లేదు!

అతని కోసం ఇంకొకరికి సీటు పోయింది కదా అంటారు. నిజమే, ఆడే ఉద్దేశం లేకుండా చేరితే అది మోసం. కానీ పద్దెనిమిదేళ్లకి ఇచ్చిన మాట మీద ఇరవయ్యేళ్లకి మనసు మారితే అది మోసమెలా అవుతుంది? ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకి స్కాలర్‌షిప్పులే లేవు, సాయం ఇంటి ఆదాయాన్ని బట్టే. ఆట మానేసినంత మాత్రాన ఆ సాయం పోదు. అలాగని అక్కడ జట్లు మూతపడలేదు.

సినిమా మీద నాదో ఫిర్యాదు. మోకాలి ఆపరేషన్ తర్వాత విలియం కోర్టులోకి దిగుతుంటే మనమూ అతను గెలవాలనే కోరుకుంటాం. దాదాపు మూడు గంటల ఉత్కంఠంతా మ్యాచ్‌లదే. అందుకే కాబోలు, కాలేజీకెళ్లాక అతను ఆటతో విసిగిపోయాడన్న సంగతి చివర్లో తెరమీద అక్షరాలుగా వచ్చి పోతుంది. నాకు అదే చూడాలనిపించింది. అన్నయ్య కర్టిస్ తన తీరని కలని కూడా తమ్ముడి మీదే పెట్టుకున్నాడు. కాలేజీకి చెప్పడం ఒకెత్తు, ఆ అన్నకి "ఇక ఆడను" అని విలియం ఎలా చెప్పి ఉంటాడు?