మాత్రలు, మార్చి క్లోజింగ్

మెడికల్ లీవు తర్వాత బ్యాంకులో డ్యూటీకి రావాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. కాలు విరిగి లేచినవాళ్లకీ, డిప్రెషన్ నుంచి కోలుకుంటున్నవాళ్లకీ అదే కాగితం. ‘విధులకు అర్హుడు’ అన్న ఒక్క ముక్క తప్ప అందులో ఇంకేమీ ఉండదు. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరు ఇచ్చే పత్రంలో ‘పనివేళలు మారిస్తే రావచ్చు’, ‘పని మారిస్తే రావచ్చు’ అని గుర్తుపెట్టే గళ్లున్నాయి. మన దగ్గర లేవు కాబట్టి ఆ ప్రశ్నలు బ్రాంచి మేనేజరే అడగాలి.

నా బ్రాంచిలో ఒకాయన బైపోలార్ జబ్బు నుంచి కోలుకుని వచ్చారు. క్యాషియరు. ఆయన వాడేది లిథియం. దానితో దాహం ఎక్కువ, చేతివేళ్లు సన్నగా వణుకుతాయి. సాయంత్రం లెక్కలో నగదు తగ్గితే క్యాషియరే జేబులోంచి కట్టాలి. వణికే వేళ్లతో ఐదువందల కట్టలు లెక్కపెట్టమని ఎలా కూర్చోబెడతాం? కొన్నాళ్లు కొత్త ఖాతాల ఫారాలు, కేవైసీ చూడమన్నాను. లిథియం మోతాదు చూసే రక్తపరీక్ష మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు చేయించుకోవాలి. రాత్రి వేసుకునేవాళ్లకి అది సరిగ్గా బ్రాంచి తెరిచే వేళే అవుతుంది. ఆ పూట ఆలస్యంగా రమ్మనడానికి పై ఆఫీసు అనుమతి కూడా అక్కర్లేదు.

ఇది దయాధర్మం కాదు. మానసిక అనారోగ్యం 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థలు ఎవరినీ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో 2021లో సుప్రీంకోర్టు, పోస్టు మార్చాల్సి వచ్చినా జీతభత్యాలు కాపాడాలని చెప్పింది.

చట్టానికి అందనిది స్టాఫ్ ప్రవర్తన. “మనవాళ్లకి ఏం చెప్పమంటారండీ?” అని ఆయన్నే అడిగాను. “జబ్బు చేసింది, తగ్గింది. అంతే చెప్పండి సార్” అన్నారు. అంతే చెప్పాను. గుసగుసలు వారంలో సద్దుమణిగాయి. వాటికన్నా నాకు బెంగ పుట్టించింది అతి జాలి. “మీరు కూర్చోండి అన్నయ్యా, మేం చూసుకుంటాం” అంటూ ముందున్న ఫారాలు లాగేసుకునేవాళ్లు. ప్రేమతోనే, కాదనను. కానీ చేతిలో పని లేకుండా రోజంతా కూర్చున్న మనిషికి తానిక పనికిరాననే అనిపిస్తుంది. అందుకే ఆయన టేబుల్ పని ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కొన్ని వారాలకు ఆయనే వచ్చి, “ఇక కౌంటర్ ఇవ్వండి సార్” అన్నారు. మొదట మధ్యాహ్నం పూట మాత్రమే ఇచ్చాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు మినహాయింపు ఉంచాను. బైపోలార్ ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఏడాది లెక్కల ముగింపుకి మేమంతా అర్ధరాత్రి దాకా బ్రాంచిలోనే ఉంటాం. ఆయన తన వాటా పనంతా ముందు రోజుల్లోనే ముగించి, మార్చి 31న ఆరింటికల్లా ఇంటికి వెళ్లారు.