7.4 ఆటిజం గల పిల్లలకు మొబైల్ యాప్‌లు: ఒక మూల్యాంకనం

యాప్ ఎంచుకొనేటప్పుడు మనం ముందుగా చూసేది దానికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయన్నది. అవి పెద్దలు ఇచ్చిన మార్కులు. పిల్లవాడికి ఏం ఒరిగిందో అవి చెప్పవు. కాబట్టి ఈ భాగంలో రెండు రకాల యాప్‌లను వేరే కొలబద్దతో పరిశీలిద్దాం.

మొదటి రకం అభ్యాస యాప్‌లు. రంగులను, ఆకారాలను జతపరిస్తే చప్పట్లు వినిపిస్తాయి. ఒకే తీరులో మళ్లీ మళ్లీ చేయించడం చాలామంది ఆటిజం గల పిల్లలకు అనుకూలమే. అయితే తెరపై ఎరుపును గుర్తించిన పిల్లవాడు బద్వేలు కూరగాయల మార్కెట్‌లో టమాటను చూసి ఎరుపు అని గుర్తించలేకపోవచ్చు. యాప్ లెక్కపెట్టేది తెరపై సరైన జవాబులను మాత్రమే.

రెండవ రకం సంభాషణ యాప్‌లు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ విద్యలో ప్రత్యామ్నాయ సంభాషణ పద్ధతులను ప్రోత్సహించాలని చెబుతుంది. ఐఐటీ బొంబాయిలో రూపొందిన ‘జెల్లో’ ఇలాంటిదే. ఇది ఉచితం, తెలుగులోనూ ఉంది. బొమ్మల పక్కన ఇష్టం–అయిష్టం, అవును–కాదు, ఎక్కువ–తక్కువ అనే ఆరు బటన్లు ఉంటాయి. దీని అసలు బలం ఇక్కడే ఉంది. అడగడంతో పాటు కాదనే హక్కు కూడా పిల్లవాడికి దక్కుతుంది. అభ్యాస యాప్‌లో ‘వద్దు’కు చోటే లేదు.

లోపాలూ ఉన్నాయి. పలికేది యంత్రస్వరం. ఈ ప్రాంతపు పిల్లవాడు ఆకలేస్తే అడిగేది ‘ఆహారం’ కాదు, సంగటి. ఇలాంటి ఇంటి మాటలను ఫోటోలు తీసి పెద్దలే చేర్చాలి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఇంట్లో ఉన్నది ఒకే ఫోన్ అయితే, తండ్రి దాన్ని పనికి తీసుకెళ్లినప్పుడు పిల్లవాడి మాట కూడా గడప దాటి వెళ్లిపోతుంది. ఇది యాప్ తప్పు కాకపోయినా, మూల్యాంకనంలో లెక్కలోకి రావలసిన విషయమే. అందుకే అవే బొమ్మలను అట్టముక్కలపై అంటించి ఇంట్లో ఉంచాలి. 1985లో అమెరికాలో బాండీ, ఫ్రాస్ట్‌లు మొదలుపెట్టిన బొమ్మల మార్పిడి పద్ధతి కాగితపు బొమ్మలతోనే నడిచింది.

మొత్తం మీద సంభాషణ యాప్‌లే మేలు. అయితే పిల్లవాడు ‘వద్దు’ నొక్కినప్పుడు ఎదుటివారు ఆగకపోతే, ఎంత మంచి యాప్ అయినా వృథాయే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
మీకు తెలిసిన ఒక యాప్‌ను వారం రోజులు గమనించండి. తెర బయట పిల్లవాడు ఎన్నిసార్లు అడిగాడు, ఎన్నిసార్లు కాదన్నాడు, అందులో ఎన్నింటికి స్పందన దొరికింది? పది పంక్తులలో రాయండి.