ఒకే ట్యాంకులో పొత్తు కుదరాలంటే

బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంటే ఆ ఇంట్లో అక్వేరియం పెట్టడం కష్టమనుకుంటారు. అమెజాన్ మృదుజలానికి చెందిన డిస్కస్ చేపల విషయంలో ఆ మాట నిజమే. తూర్పు ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్ చేపలకు మాత్రం కావలసింది అలాంటి కఠిన జలమే.

ఆ సరస్సుల్లో టాంగన్యీకాది ప్రత్యేక స్థానం. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియాల మధ్య 1,470 మీటర్ల లోతున్న ఈ సరస్సులో 200కు పైగా సిక్లిడ్ జాతులున్నాయి. దాదాపు అన్నీ మరెక్కడా కనిపించనివే. నీటి పీహెచ్ దాదాపు 9. నీరు అందరికీ ఒకటే అయినా ఇన్ని జాతులు బతుకుతున్నది చోటు పంచుకోవడం వల్లే. ట్యాంకుకు చేపలను ఎంచేటప్పుడు కూడా ఈ సూత్రమే పాటించాలి: ఒక చోటుకు ఒకే జాతి.

నాలుగడుగుల ట్యాంకులో మూడు చోట్లు ఏర్పరచవచ్చు. ఒక పక్క ఇసుక మీద నత్తగుల్లలు పరిస్తే అది మల్టీఫాసియాటస్ చేపలది. ఐదు సెంటీమీటర్లు కూడా దాటని ఈ చేపలు గుల్లలోనే కాపురముండి, అందులోనే గుడ్లు పెడతాయి. మన వరిమడుల్లో దొరికే ఖాళీ నత్తగుల్లలు పనికొస్తాయి. పురుగుమందు కొట్టిన పొలాలవి వద్దు. మిగతావి మరిగించి వాడాలి. చేపల కన్నా గుల్లలు ఎక్కువ ఉండాలి.

రెండో పక్క సన్నటి సందులుండేలా రాళ్లు పేరిస్తే అది జులిడోక్రోమిస్ చోటు. వీటిలో ఆడ, మగ గుర్తుపట్టడం కష్టం. అందుకే ఐదారు పిల్లలను తెచ్చి, జంట కుదిరాక మిగతావాటిని వేరు చేస్తారు. ఒకే ట్యాంకులో రెండు రకాల జులిడోక్రోమిస్‌లు ఉంటే సంకరమయ్యే ప్రమాదముంది. పై నీరు గుంపుగా ఈదే సిప్రిక్రోమిస్‌ది. అవి ఎగిరి బయట పడతాయి కాబట్టి మూత తప్పనిసరి.

కొన్ని చేపలకు ఈ పొత్తు పడదు. రాళ్ల మీది నాచు మేసే ట్రోఫియస్‌కు మాంసాహారం ఎక్కువైతే పేగు జబ్బు చేస్తుంది. దానికి వేరే ట్యాంకే మేలు. బ్రిచార్డీ చూడముచ్చటైనదే కానీ, దాని కుటుంబం పెరిగేకొద్దీ ట్యాంకంతా ఆక్రమిస్తుంది. మలావీ సరస్సు నుంచి వచ్చిన ఎంబూనాలకూ కఠిన జలమే ఇష్టం. అయినా వాటి దూకుడుకు గుల్లల్లోని చిన్న చేపలు తట్టుకోలేవు.

ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు పోతాయి కాబట్టి అవి వాడకూడదు. బోరు నీటి కాఠిన్యం, పీహెచ్ రెండూ పరీక్షించి చూసుకోవాలి. చాలకపోతే ఫిల్టరులో పగడపు ముక్కలు వేయవచ్చు. పీహెచ్ ఎక్కువున్న నీటిలో అమ్మోనియా మరింత విషమవుతుంది. అందుకే ఫిల్టరులో మేలు చేసే బాక్టీరియా స్థిరపడ్డాకే చేపలను వదలాలి. ముందు గుల్లల చేపలు చోటు చేసుకోవాలి, ఆ తర్వాతే రాళ్లలోని జంట రావాలి.

ఇలా కుదిరిన ట్యాంకులో చేపల అసలు నడత బయటపడుతుంది. మల్టీఫాసియాటస్‌లో ముందు పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోయి, గుల్లల చుట్టూ ఇసుక తవ్వుతూ చిన్నవాటికి కాపలా కాస్తాయి. సిప్రిక్రోమిస్ తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఎప్పుడూ కొట్లాటలే సాగే ట్యాంకులో ఈ నడతను చూసే వీలుండదు. దుకాణంలో కొత్త చేప రంగు కంటికి నచ్చినా, మన ట్యాంకులో దానికి ఖాళీ చోటుందా అని ముందు ఆలోచించాలి. లేదనిపిస్తే కొనకుండా రావడమే ఉన్న చేపలకు మనం చేసే మేలు.