అవుట్‌పుట్ డైరెక్టరీ ఖాళీగా వదలకండి

బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లో, గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్వీఆర్ అండ్ జేసీ 1985లో వచ్చాయి. బోర్లండ్ వాళ్ల టర్బో సి 1987లో దిగింది. పత్తి, మిర్చి ఊళ్ల నుంచి ఇంజనీరింగ్‌కు వచ్చిన పిల్లల్లో చాలామంది మొదటి ప్రోగ్రాము రాసింది దాని నీలం తెర మీదే. విండోస్ మారిపోయినా డాస్‌బాక్స్ ఎమ్యులేటర్ వేసుకుని మరీ దాన్నే నడిపిన ల్యాబులున్నాయి.

ఆ తెరలో ఆప్షన్స్ మెనూ కింద డైరెక్టరీస్ అని ఒకటుంటుంది. తెరిస్తే ఇన్‌క్లూడ్, లైబ్రరీ గడులు నిండి ఉంటాయి. అవుట్‌పుట్ డైరెక్టరీ గడి మాత్రం చాలా సిస్టమ్‌లలో ఖాళీ. ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ దొరకలేదని ఎర్రర్ వస్తే మొదటి రెండూ సరిచేస్తాం. మూడోదాని జోలికి ఎవరూ పోరు. అది ఖాళీగా ఉన్నా ప్రోగ్రాము నడుస్తుంది మరి!

నడుస్తుంది గానీ, ఓబీజే, ఈఎక్స్‌ఈ ఫైళ్లన్నీ అప్పుడున్న ఫోల్డర్లోనే పడతాయి. ల్యాబులో అది ఎక్కువగా టర్బో సి సొంత బిన్ ఫోల్డరే. పొద్దుటి బ్యాచ్‌లో ఒకరు ప్రోగ్1 డాట్ సి అని, మధ్యాహ్నం బ్యాచ్‌లో ఇంకొకరు ప్రోగ్1 డాట్ సీపీపీ అని సేవ్ చేస్తారు. సోర్సులు రెండూ క్షేమం. ఓబీజే పేరు మాత్రం ఒక్కటే కాబట్టి వెనకొచ్చింది ముందుదాన్ని మింగేస్తుంది. సెమిస్టరు చివరికి బిన్‌లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పగలిగేవాళ్లుండరు.

మిర్చి కల్లంలో తాలుకాయ వేరే కుప్ప పోయకుండా మంచికాయతో కలిపి బస్తాకెత్తితే యార్డులో ధర ఎలా పలుకుతుందో రైతుకు తెలుసు. ఇక్కడా కలగలుపుతోనే చేటు. సోర్సు మన చేత్తో రాసింది, పోతే తిరిగిరాదు. ఆబ్జెక్ట్ ఫైలు ఎన్నిసార్లు పోయినా కంపైలరు మళ్లీ చేసిపెడుతుంది. భద్రంగా దాచాల్సిందీ భయం లేకుండా చెరపగలిగిందీ ఒకే చోట ఉంటే రెండింటినీ ముట్టుకోలేం.

టర్బో సిలో ఈ రెండింటినీ విడదీసేది ఆ అవుట్‌పుట్ గడే. జీసీసీ కంపైలర్‌లోనైతే మైనస్ సి తర్వాత మైనస్ ఓ పెట్టి బిల్డ్ ఫోల్డరు దారి ఇస్తే ఆబ్జెక్ట్ అక్కడికే పోతుంది. ఫోల్డరు మాత్రం ముందే ఉండాలి, జీసీసీ తనంతట తాను సృష్టించదు. డీబగ్‌కు ఒకటి, రిలీజ్‌కు ఒకటి పెట్టుకుంటే రెండు రకాల ఆబ్జెక్ట్‌లూ కలవవు. లైనక్స్ కెర్నెల్‌నైనా మేక్‌కు ఓ ఈక్వల్‌టు అని వేరే ఫోల్డరు చూపించి, సోర్సు చెట్టులో ఆబ్జెక్ట్‌లు పడకుండా కట్టుకోవచ్చు.

ల్యాబు మాస్టార్లకు ఒక్క మనవి. మొదటి క్లాసులోనే పిల్లలచేత విడిగా బిల్డ్ ఫోల్డరు పెట్టించండి. ప్రోగ్రాము నడిచాక ఆ ఫోల్డరు మొత్తం చెరిపించి, మళ్లీ కంపైల్ చేయించండి. చెరిపేటప్పుడు ఎవరి చెయ్యీ వెనకాడకపోతే పాఠం ఎక్కినట్టే.